మూడు తరాలు కలిసి క్రూయిజ్‌కి వెళ్లాలంటే: ఓడ ఎంపిక నుంచి మొదటి రోజు దాకా

78 ఏళ్ల తాతయ్యకి, 13 ఏళ్ల మనవరాలికి, ఏడాదిన్నర పసివాడికి ఒకే సెలవు నచ్చాలంటే కష్టమే. రోజుకో హోటల్ మారే టూర్‌లో పెద్దవాళ్లు అలిసిపోతారు. ఒకేచోట కూర్చుంటే పిల్లలు విసిగిపోతారు. ఇలాంటి కుటుంబానికి క్రూయిజ్ బాగా పనికొస్తుంది. పెట్టెలు ఒక్కసారి సర్దుకుంటే చాలు, ఊళ్లే మన దగ్గరికి వస్తాయి. పగలంతా ఎవరి ఇష్టం వాళ్లది, రాత్రి భోజనానికి మాత్రం అందరూ ఒకే టేబుల్ దగ్గర కలుస్తారు.

అయితే సరిపడని ఓడ ఎక్కామంటే ఆ వారమంతా అందులోనే గడపాలి. చాలామంది ఎంపికని ధరతోనో, నీటి జారుడుబల్లల ఫొటోలతోనో మొదలుపెడతారు. మేమూ మొదటిసారి అదే చేశాం. ఇప్పుడైతే ఎవరడిగినా ఒకటే చెబుతాను: ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లనీ, అందరికంటే చిన్నవాళ్లనీ ముందు పెట్టుకుని వెతకండి. ఆ ఇద్దరికీ సరిపోయిన ఓడలో మిగతావాళ్లు ఎలాగైనా సర్దుకుంటారు.

1. ఎవరెవరు వస్తున్నారో కాగితం మీద రాయండి

పేర్లొక్కటే చాలవు. ప్రతి ఒక్కరి పక్కన ప్రయాణం రోజుకి ఎన్నేళ్లు నిండుతాయో రాయండి. వాడే మందులు, రాత్రి పెట్టుకునే శ్వాస యంత్రం, చేతికర్ర, వీల్‌చైర్, తినకూడనివి కూడా అందులో ఉండాలి.

పసిపిల్లల విషయంలో చాలా కంపెనీలు కనీసం 6 నెలలు నిండాలంటాయి. అట్లాంటిక్ లాంటి మహాసముద్రం దాటే ప్రయాణాలకీ, వరసగా చాలా రోజులు నేల కనిపించని రూట్లకీ 12 నెలలు నిండాలి. గర్భిణులకి కూడా హద్దుంది. ప్రయాణం ముగిసేలోపు 24వ వారంలోకి అడుగుపెట్టేవాళ్లని చాలా కంపెనీలు ఎక్కించుకోవు. బుక్ చేసే రోజు కాదు, తిరిగొచ్చే రోజు లెక్క వేసుకోవాలి. వర్జిన్ వాయేజెస్, వైకింగ్ లాంటి కంపెనీలు 18 ఏళ్లలోపు వాళ్లని అసలు తీసుకోవు. ధర ఎంత బాగున్నా అవి ఈ జాబితాలోకి రావు.

పెద్దవాళ్లని "నడవగలరా?" అని అడగకండి. నడవగలం అనే అంటారు. మా నాన్నా అలాగే అన్నారు. మా క్యాబిన్ ఓడ ముందు కొసన ఉండేది, భోజనాల హాలు వెనక కొసన. మధ్యలో లిఫ్టుల దగ్గర ఒక సోఫా ఉండేది. మొదటి రాత్రి అక్కడ కూర్చుని "మీరు పదండి, నేను వస్తా" అన్నారు. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి ఆకలి లేదన్నారు. ఆకలి లేక కాదు, అంత దూరం నడవలేక అని మాకు నాలుగో రోజుకి గానీ అర్థం కాలేదు. ఐకన్ ఆఫ్ ద సీస్ లాంటి ఓడ పొడవు దాదాపు 365 మీటర్లు. ఈ చివర నుంచి ఆ చివరకి రోజుకి నాలుగైదుసార్లు తిరిగితే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదే పెద్ద ప్రయాణం. కాబట్టి ఆగకుండా ఎన్ని నిమిషాలు నడుస్తున్నారో, ఎన్ని మెట్లకి ఆయాసం వస్తోందో వాళ్లతో కలిసి నడిచి మీరే గమనించండి.

2. డబ్బు సంగతి ముందే తేల్చుకోండి

ఎవరి ఖర్చు ఎవరు పెట్టుకుంటారో, ఎవరైనా అందరికీ పెట్టదలిస్తే ఎంతవరకు పెడతారో బుకింగ్‌కి ముందే మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. టికెట్ ధరలో సాధారణంగా క్యాబిన్, ప్రధాన హాళ్లలో భోజనం, షోలు, స్విమ్మింగ్ పూల్స్, పగటిపూట పిల్లల క్లబ్ ఉంటాయి. రోజువారీ టిప్పులు, ఇంటర్నెట్, మద్యం, కూల్‌డ్రింకులు, ప్రత్యేక రెస్టారెంట్లు, రేవుల్లో చేసే టూర్లు, రాత్రి పొద్దుపోయాక పిల్లల్ని చూసుకునే సేవ చాలా కంపెనీల్లో విడిగా కట్టాల్సినవే. డ్రింక్స్ ప్యాకేజీకి ఓ మెలిక ఉంది. క్యాబిన్‌లో పిల్లలు కాక మిగిలినవాళ్లలో ఒకరు తీసుకుంటే అందరూ తీసుకోవాలని చాలాచోట్ల నియమం. తాగే అన్ననీ తాగని నాన్ననీ ఒకే క్యాబిన్‌లో పెడితే అనవసరపు ఖర్చు.

ఒకే క్యాబిన్‌లో మూడో మనిషికి, నాలుగో మనిషికి టికెట్ ధర చాలాసార్లు తగ్గుతుంది. అలాగని నలుగురిని ఒకే గదిలో ఇరికించేయకండి. ఆ సంగతి క్యాబిన్ల దగ్గర చెబుతాను.

3. ఓడ కంటే ముందు రూటు చూడండి

పెద్దవాళ్లు ఉన్నప్పుడు ఓడలో ఏమున్నాయన్నదాని కంటే ఓడ ఎక్కడ ఆగుతుందన్నదే ముఖ్యం. మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, ఓడ గట్టుని ఆనుకుని ఆగుతుందా, సముద్రంలోనే లంగరు వేస్తుందా అన్నది. లంగరు వేసే చోట చిన్న బోటులో ఒడ్డుకి తీసుకెళ్తారు. దాన్ని టెండర్ అంటారు. గ్రాండ్ కేమన్‌లోని జార్జ్ టౌన్, గ్రీసులోని శాంటొరిని అలాంటివే. ఓడ పక్కన బోటు అలలకి లేస్తూ పడుతూ ఉంటుంది. అది లేచిన క్షణంలో సిబ్బంది చెయ్యి పట్టుకుని అడుగు వేయాలి. 30 ఏళ్లవాళ్లకి అది సరదా. చేతికర్రతో నడిచేవాళ్లకి గుండె గొంతులోకి వస్తుంది. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లని అలలు ఎక్కువున్న రోజు టెండర్ ఎక్కనివ్వకపోవచ్చు. శాంటొరినిలో బోటు దిగినా ఊరు కొండ మీద ఉంటుంది. కేబుల్ కారు ఎక్కాలి, లేదంటే ఐదొందల పైచిలుకు మెట్లు. ఓడలు ఎక్కువున్న రోజు ఆ కేబుల్ కారు దగ్గర ఎండలో పెద్ద క్యూ ఉంటుంది. రూటు వివరాల్లో టెండర్ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. వారం ప్రయాణంలో ఒకటికి మించి ఉంటే నేనైతే వేరే రూటు చూస్తాను.

రెండోది, ఊరి పేరు చూసి మోసపోకూడదు. రోమ్ అని రాసి ఉంటే ఓడ ఆగేది చివితవెక్కియాలో, అక్కడినుంచి రోమ్ సుమారు 80 కిలోమీటర్లు. ఫ్లోరెన్స్ అంటే లివోర్నో, అక్కడినుంచి సుమారు 90. పారిస్ అంటే ల హావ్ర్, దాదాపు 200. బెర్లిన్ అంటే వార్నముండే రేవు, పోవడానికే మూడు గంటలు. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడల్ని వెనిస్ నడిబొడ్డు కాలువలోకి రానివ్వడం లేదు. వెనిస్ పేరున్న ప్రయాణాలు చాలావరకు రవెన్నా, త్రియెస్తే లాంటి రేవుల నుంచి నడుస్తున్నాయి. పసిపిల్లాడిని ఒళ్లో పెట్టుకుని బస్సులో రానూపోనూ ఆరు గంటలు కూర్చుంటే ఇక చూసేదేముంటుంది? ఆ రోజు కొందరు ఊరు చూడటానికి వెళ్లి, కొందరు ఓడలోనే ఉండిపోవడం మేలు. అందరూ దిగిపోయాక ఓడ ఖాళీగా ఉంటుంది, పూల్ దగ్గర నీడలో కుర్చీ సులభంగా దొరుకుతుంది.

మూడోది, సముద్రం తీరు, కాలం. అలాస్కా రూట్లలో ఎక్కువ భాగం దీవుల మధ్య నుంచి పోయే ఇన్‌సైడ్ ప్యాసేజ్‌లో సాగుతుంది కాబట్టి కుదుపు తక్కువ. అక్కడి గ్లేసియర్ బే అనే జాతీయ పార్కులో అయితే ఓడ ఏ రేవులోనూ ఆగదు. పార్కు రేంజర్లే ఓడలోకి వచ్చి వివరిస్తారు, హిమానీనదాలని డెక్ మీద నుంచే చూడొచ్చు. నడవలేని పెద్దవాళ్లకి ఇంతకంటే మంచి రోజు ఉండదని నా అభిప్రాయం. సీజన్ దాదాపు మే నుంచి సెప్టెంబరు వరకే, చలి బట్టలు తప్పవు. కరీబియన్ నీళ్లు వెచ్చన, పిల్లలకి సముద్రతీరాలు దొరుకుతాయి. కానీ అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. ఆగస్టు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా ఉధృతి ఎక్కువ. ఓడలు తుపానుని తప్పించుకునే పోతాయి గానీ, అనుకున్న రేవుకి బదులు ఇంకో రేవు చూడాల్సి రావచ్చు. నార్వేలో కొండల మధ్యకి చొచ్చుకొచ్చే సముద్రపు పాయల్ని ఫియర్డులంటారు, వాటి లోపల నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, అక్కడికి చేరే దారిలో నార్త్ సీ మాత్రం ఒక్కోసారి కుదిపేస్తుంది. మధ్యధరా ప్రాంతంలో జూలై, ఆగస్టు ఎండలు పెద్దవాళ్లకి పడవు. స్కూలు సెలవులు వేరే నెలలో దొరికితే అప్పుడే వెళ్లండి.

ఎన్ని రోజులు అన్నదానికి తొలిసారి 7 రాత్రులు సరైనదని నేననుకుంటాను. 3, 4 రాత్రులైతే పెద్దవాళ్లకి ఓడలో దారులు తెలిసేసరికే దిగిపోవాలి. వారంలో కనీసం రెండు రోజులు రేవు లేకుండా సముద్రంలోనే గడిచేలా చూసుకోండి. అందరూ కలిసి కూర్చోవడానికి తీరిక దొరికేది ఆ రోజుల్లోనే.

4. ఓడ: పిల్లల క్లబ్ వయసులు చదవండి

పెద్ద ఓడ మంచిదా, మధ్యరకం మంచిదా? పిల్లలు నలుగురైదుగురు ఉండి, పెద్దవాళ్లు బాగా నడవగలిగితే పెద్ద ఓడ. రాయల్ కరీబియన్ వాళ్ల ఐకన్‌లో పసిపిల్లల కుటుంబాల కోసం సర్ఫ్‌సైడ్ అని విడిగా ఒక ప్రాంతమే ఉంది. పెద్దవాళ్లకి నడక కష్టమైతే రెండు వేలు, మూడు వేల మంది పట్టే ఓడ చూడండి. పిల్లలకి ఆటలు కాస్త తగ్గుతాయి, అమ్మమ్మ మాత్రం సాయంత్రానికి అలిసిపోకుండా ఉంటుంది. యూరప్ నదుల్లో తిరిగే చిన్న ఓడలు పెద్దవాళ్లకి హాయే గానీ, చాలావాటిలో పిల్లల క్లబ్ ఉండదు.

పిల్లల క్లబ్ ఉందని రాసి ఉంటే సరిపోదు, వయసు గ్రూపులు చూడాలి. కార్నివాల్ అనే కంపెనీలో 12 నుంచి 14 ఏళ్లవాళ్లు ఒక క్లబ్, 15 నుంచి 17 ఇంకో క్లబ్. నార్వీజియన్ అనే కంపెనీలో 3 నుంచి 12 వరకు ఒక క్లబ్, 13 నుంచి 17 వరకు ఇంకోటి. అంటే 12 ఏళ్ల అక్క కూతురు, 13 ఏళ్ల తమ్ముడి కొడుకు కార్నివాల్‌లో కలిసి ఆడుకుంటారు, నార్వీజియన్‌లో విడిపోతారు. 14, 15 ఏళ్లవాళ్లకి సరిగ్గా దీనికి తిరగేసి. వీళ్లు ఏడాదికోసారి కలుసుకునే పిల్లలైతే ఈ ఒక్క కారణంతో కంపెనీ మార్చుకోవచ్చు. బుక్ చేసే రోజు కంపెనీ వెబ్‌సైట్‌లో ఈ వయసులు మళ్లీ సరిచూసుకోండి.

3 ఏళ్లలోపు పిల్లలుంటే వెతుకులాట ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కార్నివాల్ క్లబ్‌లోకి 2 ఏళ్ల నుంచే తీసుకుంటారు. డిస్నీ ఓడల్లో 6 నెలల నుంచి 3 ఏళ్లలోపు వాళ్లకి నర్సరీ ఉంది, దానికి గంటల లెక్కన విడిగా కట్టాలి. చాలా కంపెనీల్లో 3 ఏళ్లు నిండి, డైపర్ మానేసినవాళ్లకే ప్రవేశం. ఈత డైపర్ వేసినా సరే, డైపర్ పిల్లల్ని మామూలు పూల్‌లోకి దించనివ్వరు. వాళ్ల కోసం విడిగా నీటి ఆటస్థలం ఉన్న ఓడలు కొన్నే. పసివాడు నీళ్లు చూసి పరుగెడితే ప్రతిరోజూ పట్టుకుని ఆపాల్సి వస్తుంది, అందుకే ఇది ముందే అడగండి.

5. క్యాబిన్లు: సుఖదుఃఖాలు ఇక్కడే తేలతాయి

ఓడలో అంతస్తుని డెక్ అంటారు, ఒక్కో డెక్‌లో ఏముందో చూపే డెక్ ప్లాన్ అనే పటం ఓడ కంపెనీలన్నీ ఇస్తాయి. దాన్ని పెద్దదిగా చేసి చూడండి. పెద్దవాళ్ల క్యాబిన్ ఓడ నడుమ, కింది డెక్కుల్లో, లిఫ్టుకి దగ్గరగా ఉండాలి. కుదుపు తక్కువగా తెలిసేది అక్కడే, నడకా తగ్గుతుంది. పైన ఏముందో, కింద ఏముందో కూడా చూడండి. డాన్స్ హాలు మీద క్యాబిన్ పడితే అర్ధరాత్రి దాకా నిద్ర ఉండదు. పైన పూల్ డెక్ ఉంటే తెల్లవారుజామున కుర్చీలు లాగే చప్పుడు వస్తుంది. పైనా కిందా క్యాబిన్లే ఉన్నది తీసుకుంటే టెన్షన్ లేదు.

గది నంబరు కంపెనీయే తర్వాత ఇచ్చే చవక టికెట్లు కొన్ని ఉంటాయి, గ్యారంటీ క్యాబిన్ అంటారు. కుటుంబంతో వెళ్లేటప్పుడు వాటి జోలికి పోవద్దు. అమ్మ ఆరో డెక్‌లో, మీరు పదకొండో డెక్‌లో పడతారు.

చిన్నపిల్లల తల్లిదండ్రులకి, తాతా నానమ్మలకి మధ్యలో తలుపు ఉన్న జంట క్యాబిన్లు చాలా బాగుంటాయి. రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ తలుపు తెరిచి పెట్టి అటువైపు కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. ఇవి ప్రతి ఓడలోనూ కొన్నే ఉంటాయి, ముందుగా అయిపోయేవీ ఇవే. పక్కపక్క క్యాబిన్లు అంటే లోపలి తలుపు ఉన్నట్టు కాదు, అడిగి ఖాయం చేసుకోండి. కొన్ని ఓడల్లో పక్కపక్క బాల్కనీల మధ్య అడ్డుగోడని అడిగితే తెరిచి పెడతారు, ఆరుగురు కలిసి టీ తాగేంత చోటు వస్తుంది.

నలుగురు పట్టే క్యాబిన్ అంటే సాధారణంగా ఇద్దరికి మంచం, మిగతా ఇద్దరికి సోఫా మంచమో, గోడ నుంచి దిగే పై పడకో. రాత్రి అవన్నీ పరిస్తే నడిచే దారి ఉండదు. అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచే పెద్దవాళ్లని అలాంటి గదిలో పెట్టకండి. బాత్రూమ్ గుమ్మం దగ్గర చాలా ఓడల్లో నేల నుంచి కాస్త ఎత్తు ఉంటుంది. మా నాన్న బొటనవేలు రెండుసార్లు దానికే తగిలింది. చిన్న రాత్రి దీపం పెట్టుకెళ్లండి. పిల్లలకైతే డిస్నీ ఓడల్లో చాలా క్యాబిన్లకి ఉన్న ఏర్పాటు నాకు నచ్చుతుంది: టాయిలెట్ ఒక గదిలో, స్నానం ఇంకో గదిలో.

వీల్‌చైర్ వాడేవాళ్లకి మామూలు క్యాబిన్ వద్దు, తలుపే పట్టకపోవచ్చు. వెడల్పు తలుపు, గడప లేని స్నానాల గది ఉన్న ప్రత్యేక క్యాబిన్లు ఉంటాయి. అవి ఓడ మొత్తానికి తక్కువే. వీల్‌చైర్‌ని, స్కూటర్‌ని వరండాలో ఉంచనివ్వరు, గదిలోనే పెట్టుకోవాలి.

అమెరికా నుంచి బయల్దేరే చాలా ఓడల్లో ప్రతి క్యాబిన్‌కీ 21 ఏళ్లు దాటిన ఒకరుండాలి. కాలేజీ పిల్లలు ముగ్గురికి కలిపి విడి గది అనుకుంటే ముందు ఈ సంగతి కనుక్కోండి.

6. రాత్రి భోజనం వేళ

రెండు పద్ధతులున్నాయి: రోజూ ఒకే వేళకి ఒకే టేబుల్, లేదా నచ్చినప్పుడు వెళ్లడం. మూడు తరాలు వెళ్తుంటే మొదటిదే తీసుకోండి, అందులోనూ ముందు వేళ. వడ్డించేవాళ్లు రోజూ వాళ్లే కాబట్టి రెండో రోజుకల్లా తాతయ్యకి ఉప్పు తగ్గించాలని, పసివాడికి ముందు పెట్టాలని వాళ్లకే గుర్తుంటుంది. వేర్వేరు బుకింగులు చేసుంటే వాటి నంబర్లన్నీ కంపెనీకిచ్చి ఒకే టేబుల్‌కి కలపమని చెప్పాలి. ఇది చెప్పకపోతే వాటంతట అవి కలవవు. ఆహారంలో పడనివి ఉంటే ప్రయాణానికి నెలా రెండు నెలల ముందే తెలియజేయండి.

7. ఆరోగ్యం, కాగితాలు

ఓడలో డాక్టరు, నర్సులు ఉంటారు. ఫీజు మాత్రం విడిగా కట్టాలి, పెద్ద జబ్బు చేస్తే ఒడ్డున ఆసుపత్రికి దించేస్తారు. సముద్రం మధ్యనుంచి హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే ఖర్చు తట్టుకోలేం. అందుకే అత్యవసర తరలింపు, పాత జబ్బులు రెండూ కవర్ అయ్యే ఇన్సూరెన్స్ పెద్దవాళ్లకి తప్పనిసరి. పాత జబ్బులకి కవర్ కావాలంటే చాలా పాలసీలు మొదటి డబ్బు కట్టిన కొద్ది రోజుల్లోనే తీసుకోవాలంటాయి, వాయిదా వేయకండి.

కడుపులో తిప్పకుండా వేసుకునే మందులు పెద్దవాళ్లకి మగత తెస్తాయి, మగతలో పడిపోయే ప్రమాదం ఉంది. చెవి వెనక అంటించే స్కోపలమిన్ పట్టీ గ్లకోమా అనే కంటి జబ్బు కొన్ని రకాలు ఉన్నవాళ్లకి పనికిరాదు. రెండూ డాక్టర్ని అడిగాకే వాడాలి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ శానిటైజర్‌కి సరిగా లొంగదు. పిల్లలకి సబ్బుతో చేతులు కడిగించండి.

పాస్‌పోర్టులు ప్రయాణం తర్వాత ఇంకో 6 నెలలు చెల్లేలా ఉండాలి. వీసాలు రేవు రేవుకీ చూసుకోవాలి. సియాటిల్‌లో ఎక్కే అలాస్కా ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియాలోనో, మరో కెనడా రేవులోనో ఆగుతాయి కాబట్టి అమెరికా వీసా ఒక్కటే చాలకపోవచ్చు. ఇటలీలో ఎక్కి మధ్యలో టర్కీ చూసి మళ్లీ ఇటలీకి వచ్చే రూటుకి, యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఒకటికి మించి ప్రవేశాలకి ఉండాలి. తల్లిదండ్రులు లేకుండా తాతా అమ్మమ్మలతో వచ్చే పిల్లలకి తల్లిదండ్రులు సంతకం చేసిన అనుమతి పత్రం కావాలి, నోటరీ చేయిస్తే మంచిది.

8. బుకింగ్, బయల్దేరడం

జంట క్యాబిన్లో, వీల్‌చైర్ క్యాబిన్లో కావాలంటే ఏడాది ముందు మొదలుపెట్టండి. ముగ్గురు, నలుగురు పట్టే గదులకీ అంతే. లైఫ్‌బోట్ల లెక్క ప్రకారం ఓడలో ఒక్కో భాగానికి మనుషుల పరిమితి ఉంటుంది, గది ఖాళీగా కనిపిస్తున్నా నాలుగో మనిషిని చేర్చుకోకపోవచ్చు. డిపాజిట్ తిరిగొస్తుందో లేదో చదవండి. పెద్దవాళ్ల ఆరోగ్యం చెప్పలేం కాబట్టి కాస్త ఎక్కువైనా తిరిగొచ్చేదే తీసుకోండి. ఎనిమిది క్యాబిన్లకి చేరువలో ఉంటే గ్రూపు ధర అడగండి.

విమానంలో వెళ్లాల్సి ఉంటే ఒక రోజు ముందే ఆ ఊరు చేరుకోండి. ఓడ ఎవరి కోసమూ ఆగదు. రేవుల్లో మాత్రం ఒక తేడా ఉంది. కంపెనీ నడిపే టూర్ ఆలస్యమైతే ఓడ వేచి ఉంటుంది, సొంతంగా తిరిగి ఆలస్యమైతే వెళ్లిపోతుంది. అందుకే దూరమున్న చోట్లకి కంపెనీ టూర్, రేవు పక్కనే ఉన్న ఊరికి సొంతంగా అన్నది మా పద్ధతి.

ఎక్కిన రోజు పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. మందులు, డైపర్లు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. ఓడ కదిలే ముందు, ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో చెప్పే భద్రతా డ్రిల్లు ఉంటుంది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ ప్రమాదానికి గురయ్యేనాటికి, ఆ రోజే ఎక్కినవాళ్లకి డ్రిల్లు కాలేదు, అప్పట్లో 24 గంటల్లోపు చేస్తే చాలనేది నియమం. ఆ తర్వాతే బయల్దేరే వేళకే డ్రిల్లు పూర్తి చేయడం తప్పనిసరైంది. పిల్లల్ని కూడా తీసుకెళ్లి ఆ చోటు చూపించండి.

తర్వాత పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని క్యాబిన్ నుంచి భోజనాల హాలు దాకా ఒక్కసారి నెమ్మదిగా నడవండి. ఎక్కడ లిఫ్టు ఉందో, దారిలో కూర్చోవడానికి ఎక్కడ చోటుందో వాళ్లకి తెలియాలి. రెండోసారి వెళ్లినప్పుడు మేం నాన్న కోసం ఓడ నడుమ, లిఫ్టు పక్కన గది తీసుకున్నాం. మేం పిల్లల్ని తయారుచేసి వెళ్లేసరికి ఆయన అప్పటికే టేబుల్ దగ్గర కూర్చుని, పక్క కుర్చీ మా చిన్నదాని కోసం లాగి పెట్టి ఉంచేవారు.